చూసినవారి సంతకం

ఒక మనిషి రోజూ టైముకి వస్తాడని అతని మీద కోపం పెంచుకున్నదాన్ని ఈ చుట్టుపక్కల నేనొక్కర్తినే అయ్యుంటాను. ఆయన పేరు గణపతిరావు. మా ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ టెక్నీషియన్. నేను అదే కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పే జెరూషాని. ఇద్దరిదీ చోడవరమే. ఆయన పొద్దున్న ఏడుంపావు బస్సుకి వెళ్ళిపోతారు, నేను ఎనిమిదింటి బస్సుకి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెడతాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆయనకి ఆ బస్సు తప్పింది రెండేసార్లని కాలేజీలో చెప్పుకుంటారు. ఒకసారి తుఫానుకి, ఒకసారి కూతురి పెళ్ళికి. పెళ్ళినాడు కూడా ముందురోజే ల్యాబ్ తాళాలు ఎవరికివ్వాలో కాగితం మీద రాసిచ్చి మరీ వెళ్ళారు.

యాభై మూడేళ్ళుంటాయి ఆయనకి. సన్నటి మనిషి, కొంచెం ముందుకి వంగి నడుస్తారు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, నీలంది ఒకటి, ఎర్రది ఒకటి. సాయంత్రం తిరుగు బస్సులో సీటు దొరక్కపోతే కడ్డీ పట్టుకుని నిలబడే కునుకు తీస్తారు. చోడవరం రాగానే ఎవరూ లేపకుండానే కళ్ళు తెరుస్తారు. మోకాళ్ళ నొప్పులు, బీపీ మాత్ర, ఈ మనిషికి పెళ్ళాం కంటే గడియారమే ఎక్కువని వాళ్ళావిడ దుర్గాదేవి గారి సాధింపు. అలసిపోయిన మనిషి. నేనూ అలసిపోయినదాన్నే కనక బస్సులో మా మధ్య పెద్దగా మాటలుండేవి కావు.

కాలేజీకి రాకముందు ఆయన గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో ఆరేడు సీజన్లు పనిచేశారు. చిక్కబడిన చెరకు రసాన్ని పంచదార పలుకు కట్టేదాకా మరిగించే పెద్ద పాత్రలుంటాయి, పాన్‌లంటారు. గంటగంటకీ పాన్‌లో వేడి ఎంతుంది, ఒత్తిడి ఎంతుంది అని లాగ్ బుక్కులో రాయడం ఆయన డ్యూటీ. ప్రతి పేజీ అడుగునా ‘చూసినవారి సంతకం’ అని ఒక గీత. షిఫ్టు ఇన్‌చార్జి ఆ అంకెలన్నీ చూసి అక్కడ సంతకం పెట్టాలి. మొదటి సీజన్లోనే ఒకసారి గణపతిరావు గారికి కునుకు పట్టి రెండు గంటల అంకెలు రాయలేదట. మెలకువ వచ్చాక పైదీ కిందదీ చూసి మధ్యవి ఉజ్జాయింపుగా నింపేశారట. బంగార్రాజు అని ఆ పాన్‌లు నడిపే పెద్దాయన, పాన్‌మాన్ అంటారు, దాన్ని ఇట్టే పట్టేశాడు. తిట్టలేదు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఇచ్చి, ఆ రెండు గళ్ళూ నీ చేత్తోనే కొట్టెయ్, చూడనిది ఖాళీగా వదిలెయ్యాలిరా అన్నాడట. ఆ ఎర్ర పెన్ను అలవాటు అప్పటిది. ఈ కథ నాకు ఇరవైసార్లు చెప్పుంటారు. ఇరవైసార్లూ ఊఁ కొట్టి కిటికీలోంచి చెరకు లారీల్ని చూశాను.

ఇక నా గోల. తొమ్మిదేళ్ళుగా పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. చేస్తున్నాను అనడం కంటే మోస్తున్నాను అనడం నిజం. వారానికి పద్దెనిమిది క్లాసులు, కాలేజీ గుర్తింపు కోసం ఫైళ్ళ మీద ఫైళ్ళు, వేసవి వస్తే అడ్మిషన్ల కోసం కె.కోటపాడు వైపు ఊళ్ళమ్మట తిరిగి మీ పిల్లాణ్ణి మా కాలేజీలోనే చేర్చండి బాబూ అని బతిమాలడం. ఇవన్నీ అయ్యాక మిగిలిన ఓపికతో పరిశోధన. రెండుసార్లు గడువు పొడిగించారు. ఈ మే నెలాఖరు శుక్రవారం ఆఖరిది. ఆ రోజు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. పీహెచ్‌డీ లేనివాళ్ళని జూన్ నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉంచలేమని, కావాలంటే ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్‌గా ఉండొచ్చని కాలేజీవాళ్ళు కాగితం కూడా ఇచ్చేశారు. పదమూడేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని అదే కారిడార్‌లో అటెండెన్సు రిజిస్టర్ పట్టుకుని నిలబడాలి. పైకి నవ్వేసినా ఆ మాట తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

నా పరిశోధన దేనిమీదో చెబుతాను, పెద్ద విషయమేం కాదు. విమానం రెక్కను అడ్డంగా కోస్తే కనబడే ఆకారం ఉంది కదా, ముందు గుండ్రంగా వెనక సన్నగా. ఓడల ప్రొపెల్లర్ ఆకులకీ, పంపుల్లో తిరిగే చక్రాలకీ అదే ఆకారం ఉంటుంది. దాన్ని నీళ్ళలో పెట్టి నీటిని వేగంగా పోనిస్తే, రెక్క వీపు మీద ఒత్తిడి బాగా పడిపోయి, పొయ్యి మీద పెట్టకుండానే నీళ్ళు మరిగి బుడగలొస్తాయి. బుడగలన్నీ కలిసి వీపు మీద దుప్పటిలా పరుచుకుంటాయి. ఆ దుప్పటి పెరిగి పెరిగి, తోక వైపు నుంచి ఒక సన్నటి ఎదురు ప్రవాహం దాని కిందకి దూరి, పుటుక్కున తెంపేస్తుంది. తెగిన ముక్క కొట్టుకుపోయి పేలిపోతుంది. ఆ పేలుడుకి ఇనుముకి కూడా చిల్లులు పడతాయి. మళ్ళీ కొత్త దుప్పటి, మళ్ళీ తెగడం. ఇదంతా నీళ్ళు లేకుండా, లెక్కలతో, కంప్యూటర్‌లో చేసి చూపించడం నా పని. సెకనుకి ఎన్నిసార్లు తెగుతుందో లెక్క చెప్పాలి. నిజం నీళ్ళలో ఎవరో చేసిన ప్రయోగం ఉంది, అందులో ఇరవై నాలుగుసార్లు. నాకూ ఆ దరిదాపుల్లో రావాలి.

వేడి చెయ్యకుండా నీళ్ళు మరగడమేంటి మేడమ్ అని మా పిల్లలు రెండు క్లాసులు తింటారు. గణపతిరావు గారికి అర నిమిషం పట్టలేదు. వాళ్ళ పాన్‌లో కూడా లోపలి గాలి లాగేస్తే అరవై డిగ్రీలకే రసం కుతకుతలాడుతుందట. అందుకే ఆయన నా స్క్రీన్ ముందు నిలబడితే, పాత పరిచయస్థుల ఇంటికి వచ్చినట్టు నిలబడేవారు.

నా ప్రోగ్రామ్‌ని మోయగల కంప్యూటర్ కాలేజీలో ఒక్కటే ఉంది. పగలు దాని మీద పిల్లలకి ప్రాక్టికల్స్. అందుకని నాలుగేళ్ళ కిందట ఒక ఏర్పాటు చేసుకున్నాం. సాయంత్రం నాలుగూ నలభైకి పిల్లలు వెళ్ళగానే గణపతిరావు గారు నా పని మొదలెడతారు. అది తెల్లవార్లూ నడుస్తుంది. పొద్దున్న ఎనిమిదీ యాభైకి, అప్పటిదాకా వచ్చిన లెక్కంతా దాచి, ఆపేస్తారు. సాయంత్రం ఆపిన చోటు నుంచి మళ్ళీ మొదలు. శనివారం, ఆదివారం, సెలవులు అన్నిటికీ మెయిన్ స్విచ్ కట్టేసి తాళం వేసేయాలి, అది కాలేజీ రూలు. ఒకసారి మొదలెడితే కంప్యూటర్ పదహారు గంటల పది నిమిషాలు కష్టపడేది. అంత కష్టపడితే దాని లోపలి నీళ్ళకి గడిచే కాలం ఎంతో తెలుసా, సెకనులో పాతికో వంతు. మర్నాడు ఇంకో పాతికో వంతు. ఇలా నాలుగేళ్ళు.

ఎంతదాకా నడిచిందో స్క్రీన్ మీద ఒక అంకె కనబడుతుంది, ఆపేముందు అది ఎక్కడైనా రాసిపెట్టండి చాలు అని చెప్పాను. ఆయన దానికి ఒక పొడుగు నోటుబుక్కు కొని, గీతలు కొట్టి, తారీఖు, మొదలెట్టిన టైము, ఆపిన టైము, అంకె, చివర ‘గమనించినది’ అని గడి పెట్టి, పేజీ అడుగున ‘చూసినవారి సంతకం’ అని కూడా రాసుకున్నారు. మొదట్లో ఒకట్రెండుసార్లు నా ముందుకి తెచ్చారు. తర్వాత పెడతాను గణపతిరావు గారూ, క్లాసుంది అన్నాను. ఆ తర్వాత ఆయన తేలేదు, నేను అడగలేదు.

మొదటి ఏడాది చివర నా ఫలితం వచ్చింది. దాచిన ముక్కలన్నీ కలిపి గ్రాఫు గీస్తే, దుప్పటి తెగుతోంది, పెరుగుతోంది, మళ్ళీ తెగుతోంది, చర్చి గంట కొట్టినంత క్రమంగా. సెకనుకి ఇరవై అయిదుసార్లు. ప్రయోగంలో ఇరవై నాలుగు. ఆ రోజు స్టాఫ్ రూములో తలుపేసుకుని ఏడ్చాను. మా గైడు గారు వైజాగ్ నుంచి ఫోన్ చేసి, ఇంత దగ్గరగా రావడం మామూలు విషయం కాదమ్మా అన్నారు. దాని మీద ఒక పేపరు అచ్చయింది. తర్వాత రెక్కని ఇంకో రెండు కోణాల్లో వంచి చూశాను. వాటికీ అదే ఇరవై అయిదు. కోణం మారితే అంకె మారాలి, ఆ మాత్రం నాకు తెలుసు. కానీ అలసిపోయిన మనిషికి మంచి అంకె దొరికితే దాన్ని అనుమానించే ఓపిక ఉండదు. ఎందుకు మారలేదో సమర్థిస్తూ రెండు పేజీలు రాశాను. చాలా బాగా రాశాను, ఇప్పటికీ చదివితే నమ్మాలనిపిస్తుంది.

ఈ మే నెలలో థీసిస్ ప్రింట్లు కూడా తీసేశాను, బైండింగ్‌కి ఇవ్వడమే మిగిలింది. కృతజ్ఞతల పేజీలో దేవుడు, గైడు, మా ఆయన జాబేజ్ తర్వాత గణపతిరావు గారి పేరు కూడా పెట్టాను, ‘నాలుగేళ్ళపాటు ఒక్కరోజూ తప్పని సమయపాలనకు’ అని. అప్పుడు గైడు గారికి ఒక ఆలోచన వచ్చింది. పరీక్షలైపోయాయి, ప్రాక్టికల్స్ లేవు, ఎక్కడా ఆపకుండా ఒక వారం పొడుగు రన్ వేసి ఆ బొమ్మ చివర పెట్టు, వైవాలో అందంగా ఉంటుంది అన్నారు. శని, ఆదివారాలు కూడా స్విచ్ కట్టకుండా ఉండడానికి ప్రిన్సిపాల్ చేత సంతకం చేయించుకుని, సోమవారం పొద్దున్న మొదలుపెట్టించాను. శనివారం దాకా ముట్టుకోవద్దని గణపతిరావు గారికి చెప్పాను. ముట్టుకోవాల్సిన పని లేకపోయినా ఆయన ఆ వారమంతా ఏడుంపావు బస్సుకే వచ్చారు.

శనివారం వెళ్ళి చూస్తే దుప్పటి తెగలేదు. అయిదు రోజుల్లో ఏడెనిమిదిసార్లు తెగాల్సింది. మొదలెట్టిన రోజు ఒకసారి తెగి, ఆ తర్వాత రెక్క వీపు మీద అతికించినట్టు కూర్చుండిపోయింది. కదలదు, పెరగదు. ఎదురు ప్రవాహం తోక దగ్గరే సొమ్మసిల్లి ఆగిపోయింది. గ్రాఫు చూస్తే ఒక పొంగు, దాని తర్వాత గీత గీసినట్టు చదును.

నాకు ఒళ్ళు మండిపోయింది. క్లాసులో నేను మాట్లాడే భాష వేరు, కోపం వస్తే మా అమ్మ భాష వస్తుంది. “ఏటి చేసేరు గణపతిరావు గారూ దీన్ని? ముట్టుకోవద్దని మరీ సెప్పేను గదా,” అని అరిచాను. పిల్లలెవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. “నాను ఆపితేనే అది తెగతంది మేడమ్,” అన్నారు. “ఈ వారం నాను ఆపలేదు.”

అర్థం కాలేదు. కాలేదనడం కూడా అబద్ధమే, అర్థం చేసుకోవాలనిపించలేదు. ఆయన బీరువా తెరిచి నాలుగేళ్ళ నోటుబుక్కులు తెచ్చారు. మొత్తం మూడు. కుర్చీలో కూర్చుని తెరిచాను. రోజుకో పేజీ. సాయంత్రం 4.40 మొదలు, ఉదయం 8.50 ఆపినాను, అంకె ఇంత. చివరి గడిలో నీలం పెన్నుతో చిన్న చిన్న బొమ్మలు కూడా వేశారు, రెక్కా, దాని మీద బుడగల గీతా. పొద్దున్న బొమ్మలో దుప్పటి నిండుగా ఉంది. పక్కన ‘5.10 – తెగింది’. మర్నాడు మళ్ళీ పొద్దున్న నిండుగా, ‘5.10 – తెగింది’. ఒకరోజు 5.05, ఒకరోజు 5.15. అంతకు మించి తేడా లేదు.

నా గ్రాఫు తెరిచి పక్కన పెట్టుకున్నాను. తెగిన ప్రతి చోటా ఉన్న అంకె ఆయన రాసిన అంకె దగ్గరే ఉంది. ఒక్కటి కూడా తప్పలేదు. దుప్పటిని తెంపింది నీళ్ళు కాదు, నా సమీకరణాలు కాదు. గణపతిరావు గారు ఆపి మళ్ళీ మొదలుపెట్టడం. పదహారు గంటల పది నిమిషాల పనికోసారి ఆయన మొదలుపెట్టారు కాబట్టి, పాతికో వంతు సెకనుకోసారి అది తెగింది. నా ఇరవై అయిదు అంటే మరేమీ కాదు, చోడవరం నుంచి వచ్చే ఏడుంపావు బస్సు.

ఆయన మామూలు మనుషుల్లా ఉండుంటే, నెలకి రెండుసార్లు బస్సు అందుకోలేక, ఒకరోజు తొమ్మిదిన్నరకి, ఒకరోజు పదికి వచ్చుంటే, నా గ్రాఫు అడ్డదిడ్డంగా వచ్చేది. మొదటి నెలలోనే నాకు అనుమానం వచ్చేది. నాలుగేళ్ళ కిందటే దిద్దుకునేదాన్ని. ఆ నిమిషాన ఆయన మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఈ మనిషికి ఒక్కరోజు జ్వరం రాకూడదా అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గుపడుతున్నాను కానీ, అనుకున్నాను.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది. రెండేళ్ళ కిందట తిరుగు బస్సులో ఆయన నా సీటు పక్కన నిలబడి, మేడమ్, ఇది రోజూ మనం స్విచ్చేసిన అరగంటకే తెగతంది, సూసేరా అన్నారు. నా ఒళ్ళో యాభై ఆన్సర్ పేపర్లున్నాయి. అది అలాగే ఉంటుంది గణపతిరావు గారూ అన్నాను. ఆయన సరే మేడమ్ అని కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఆ మాట నాకు ఆ శనివారం నోటుబుక్కు ముందు కూర్చున్నాకే గుర్తొచ్చింది.

సాయంత్రం గైడు గారికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. ఆయనకీ అలసటే, నా తర్వాత ఆయన దగ్గర చేరినవాళ్ళు నలుగురు డాక్టర్లైపోయారు. “పొడుగు రన్ సంగతి థీసిస్‌లో పెట్టకమ్మా. ముందు శుక్రవారం సబ్మిట్ చెయ్యి. తప్పేదైనా ఉంటే తర్వాత ఇంకో పేపర్‌లో దిద్దుకోవచ్చు,” అన్నారు. చెడ్డమాటేం కాదది, చాలామంది చేసేదే. ఆదివారం చర్చిలో పాట పాడుతున్నాను గానీ ఏ చరణంలో ఉన్నానో తెలియలేదు. ఇంటికొచ్చాక జాబేజ్‌తో చెప్పాను. గణపతిరావు గారికి తప్ప ఇది ఎవరికి తెలుసు అని అడిగాడు. ఎవరికీ తెలీదు అన్నాను. ఆయన ఎవరికైనా చెబుతారా అన్నాడు. చెప్పరు అన్నాను. అది నాకు ఖాయంగా తెలుసు. జాబేజ్ అన్నం వడ్డించాడు.

అయినా నాకు ఒక చివరి ఆశ. ఇదంతా కాకతాళీయమేమో, పరీక్ష పెట్టి చూద్దామనుకున్నాను. పొడుగు రన్ ఇంకా నడుస్తూనే ఉంది, సోమవారం నుంచి దాన్ని వేళకాని వేళల్లో ఆపి మళ్ళీ వెయ్యమని ఆయనకి చెప్పాను. తెగడం నీళ్ళ స్వభావమైతే తన వేళకి తాను తెగుతుంది. ఆయన వల్ల అయితే ఆయన వెంటే వస్తుంది. సోమవారం పదకొండున్నరకి రండి, అంతకు ముందు రావద్దు అని మరీ మరీ చెప్పాను. ఎనిమిదింటి బస్సు దిగేసరికి గేటు ఎదురుగా టీ బడ్డీ బల్ల మీద టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. లేటుగా రావడం ఆయనకి చేతకాలేదు. ఏడుంపావు బస్సుకే వచ్చి, పదకొండున్నర దాకా అక్కడే కూర్చుని, గడియారం చూసుకుని, అప్పుడు లోపలికి వచ్చి ఆపి, మళ్ళీ మొదలుపెట్టారు. పన్నెండింటికి తెగింది.

మంగళవారం మూడింటికి. మూడున్నరకి తెగింది. ఆ సాయంత్రం నేను రాసిన ప్రోగ్రామ్‌ని మొదటి నుంచీ వేలు పెట్టి చదువుకుంటూ పోయాను. దొరికింది. సుడుల వల్ల నీటిలో ఒక రకం జిగట పుడుతుంది. ఆపేటప్పుడు మిగతా లెక్కలన్నీ దాచమని చెప్పాను గానీ, ఆ జిగట అంకెని దాచమని చెప్పే ఒక్క లైను రాయలేదు. అందుకే మొదలుపెట్టిన ప్రతిసారీ జిగట దాదాపు లేకుండా మొదలవుతుంది. అడ్డం లేక ఎదురు ప్రవాహం రయ్యిమని లోపలికి దూరి దుప్పటిని తెంపేస్తుంది. ఆ తర్వాత జిగట మళ్ళీ పేరుకుని దుప్పటిని అతికించేస్తుంది. అంటే నా పద్ధతి తప్పు. అది తనంతట తాను ఎప్పుడూ తెంపలేదు. తొమ్మిదేళ్ళు.

బుధవారం నేనే ఆయన పక్కన నిలబడ్డాను. పాత టైముకే ఒకసారి చూద్దామన్నాను. నాలుగూ నలభైకి ఆపి, వెంటనే వేశారు. ఇద్దరం చెరో స్టూలు మీదా కూర్చున్నాం. ఫ్యాను తప్ప చప్పుడు లేదు. అయిదూ పదికి తోక దగ్గర సన్నటి నీలం గీతలా ఎదురు ప్రవాహం కదిలింది, దుప్పటి కిందకి పాకింది, ముందుకి వచ్చింది, తెంపింది. ఎంత అందంగా తెగిందో చెప్పలేను. నాలుగేళ్ళలో అది తెగుతుంటే నేను కళ్ళారా చూడడం అదే మొదటిసారి. గ్రాఫులు చూశానే గానీ దాన్ని చూడలేదు.

గణపతిరావు గారు నా మొహం చూడకుండా అన్నారు. “నానొక్కరోజు లేటుగా వచ్చుంటే సరిపోయేది గద మేడమ్.”

తప్పు చేసినవాడిలా అన్నారు. పద్దెనిమిదేళ్ళు టైముకి వచ్చినందుకు ఆ మనిషి నాకు క్షమాపణ చెబుతున్నారు. మీ తప్పేం లేదు అనాల్సింది. ఏమీ తోచక ఆయన నోటుబుక్కు నా వైపు లాక్కున్నాను. పేజీలు తిప్పుతూ పోతుంటే ప్రతి పేజీ అడుగునా ‘చూసినవారి సంతకం’, దాని పక్కన ఖాళీ. వందల పేజీలు, ఒక్కదానిమీదా నా సంతకం లేదు. ఒక్క నెల నేను చదివి పెట్టుంటే ఈ రోజు ఇలా ఉండేది కాదు. కనీసం ఆయన కష్టానికి ఆ మర్యాదైనా దక్కాలనిపించింది. జేబులోంచి ఆయన నీలం పెన్ను అడిగి తీసుకుని, మొదటి నోటుబుక్కు మొదటి పేజీ తెరిచి, గీత మీద పెన్ను పెట్టాను.

ఆయన పేజీ మీద అరచెయ్యి పెట్టారు. అంతవరకూ ఎప్పుడూ నాకు అడ్డు చెప్పిన మనిషి కాదు.

“పాతవాటిమీద ఎయ్యకండి మేడమ్. అవి మీరు సూడలేదు గద,” అన్నారు. మూడో నోటుబుక్కు తీసి ఆ రోజు పేజీ తెరిచి నా ముందుకి జరిపారు. “ఇది సూసేరు. దీనిమీద ఎయ్యండి.”

అందులో అప్పటికే రాసేశారు. సాయంత్రం 4.40 ఆపి వేసినాను. 5.10 – తెగింది. నేను కింద సంతకం పెట్టి తారీఖు వేశాను. ఆయన దాన్ని చదువుకుని, సిరా ఆరేదాకా ఆగి, మూసి, బీరువాలో పెట్టారు. ఆ రోజు అయిదున్నర బస్సు ఇద్దరికీ తప్పింది. రేపు ఎన్నింటికి రమ్మంటారు మేడమ్ అని అడిగారు. మీ టైముకే రండి అన్నాను.

ఆయన తాళాలు తేవడానికి వెళ్ళాక, బైండింగ్‌కి ఇవ్వాల్సిన ప్రింట్ల కట్ట సంచీలోంచి తీశాను. మొదటి కాగితం నా ప్రకటన. ఈ థీసిస్‌లోని ఫలితాలన్నీ నేను స్వయంగా చూసి, సరిచూసినవని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను అని ఉంటుంది. కింద నా పేరు, పేరు పైన సంతకానికి చోటు. ఆయన నీలం పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది. దానికి మూత పెట్టి, కట్ట మళ్ళీ సంచీలో పెట్టేశాను. శుక్రవారం వచ్చింది, వెళ్ళింది. ఆ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.